పదకొండో గది గొళ్లెం

మేడ్చల్ రోడ్డు మీద మా ఆస్పత్రిలో పదకొండో గదికి మంచి పేరు లేదు. ఆపరేషన్ అయినవాళ్ళని పడుకోబెట్టే వరుసలో అది చిట్టచివరిది. అర్ధరాత్రి దాటాక అందులోంచి ఎవరో ఎవరి పీకో నులుముతున్న చప్పుడు వస్తుందనేవారు. ఆస్పత్రి కట్టకముందు అక్కడ బొందలగడ్డ, అంటే శ్మశానం, ఉండేదట... ఆ 'అట' అన్నవాళ్ళలో కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు.

2003 నాటి మాట. నేనప్పుడు రికార్డు గదిలో గుమస్తాని. రోగి ఊపిరిని కనిపెట్టుకుని ఉండే యంత్రం ఆ గదిలో పెట్టమని రాసిన కాగితం ఏడాదిగా పై ఆఫీసులో మూలుగుతోంది. శాంతి హోమం మాత్రం వారంలో అయిపోయింది! గుమ్మానికి నిమ్మకాయలు కట్టించింది ఎవరనుకున్నారు? గోడ నిండా డిగ్రీలు వేలాడదీసుకున్న డాక్టర్లు.

కట్టించినవాళ్ళలో సుధీర్ ఒకడు. పేట్ బషీరాబాద్‌లో కాపురం. మత్తు డాక్టరు కావడానికి చదువుతున్నాడు. ఆపరేషన్ తర్వాత నొప్పికి ఇచ్చే రెండు మందుల్లో ఏది మేలో తేల్చడం అతని పరిశోధన. రాత్రంతా గంటకోసారి రోగి దగ్గరికి వెళ్ళాలి. నొప్పి పదిలో ఎంత అని అడగాలి. నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టాలి. రాసుకోవాలి. అంతే పని.

ఆ రాత్రి సంగతి నాకు ఆయా సిద్దమ్మ చెప్పింది.

పదకొండో గదిలో జంగయ్య అనే లారీ డ్రైవరు ఉన్నాడు. శామీర్‌పేట మనిషి. ఎద్దు మెడ, భారీ ఒళ్ళు. పగలు హెర్నియా ఆపరేషన్ అయింది. రాత్రి పన్నెండింటికి సుధీర్ పరిశోధనలోని నొప్పి సూది వేశారు.

రెండున్నరకి కరెంటు పోయింది. జనరేటరు దగ్గి దగ్గి ఊరుకుంది.

అప్పుడు మొదలైంది —

ఖర్ర్... ఖర్ర్ర్...

కాసేపు ఏమీ లేదు. మళ్ళీ... ఖర్ర్...

"అగో, షురువైంది," అంది నర్సు స్రవంతి గుసగుసగా. పరుగున వెళ్ళి, లోపలికి చూడకుండానే, పదకొండో గది తలుపు లాగి బయట గొళ్లెం పెట్టి వచ్చింది.

"లోపట మనిషున్నడు గద సిస్టరమ్మా?" అంది సిద్దమ్మ.

"నిద్రవోతుండు. నువ్వు గటు వోకు."

సిద్దమ్మ డ్యూటీ గదిలోకి వెళ్ళింది. కొవ్వొత్తి ముందు సుధీర్ ఏదో రాసుకుంటున్నాడు. మోచేతి పైన తాయెత్తు.

"సారూ... పోయి సూడరా?"

"తెల్లారనీ సిద్దమ్మా," అన్నాడు తల ఎత్తకుండా.

ఖర్ర్... ఈసారి చప్పుడుకీ చప్పుడుకీ మధ్య చాలాసేపు పట్టింది.

సిద్దమ్మకి ఒళ్ళు మండింది. "థూ! పదేండ్లసంది పీనుగులు కడుగుతున్న. ఒక్క పీనుగన్న నా గొంతు వట్టలే. మీ సదువుకో దండం!" అని బల్ల మీది టార్చి అందుకుంది.

ఆమెకీ భయమేనట. గొళ్లెం బిగుసుకుపోయి ఓ పట్టాన కదల్లేదట. టార్చి చంకలో పెట్టుకుని రెండు చేతులా లాగింది.

తలుపు తెరుచుకుంది.

జంగయ్య వెల్లకిలా ఉన్నాడు. గడ్డం రొమ్ముకి ఆనుకుపోయింది. ఛాతీ ఎగసి ఎగసి పడుతోంది — గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. పెదవులు నేరేడుపండు రంగు.

"సారూ! దయ్యం గాదు... మనిషి! మనిషి సస్తుండు!"

ఆ కేకకి సుధీర్ పరిగెత్తుకొచ్చాడు. చూడగానే తెలిసిపోయింది. మందు మత్తుకి నాలుక వెనక్కి జారి గొంతుకి అడ్డం పడింది. దవడ మూలల కింద వేళ్ళు పెట్టి ముందుకి ఎత్తిపట్టాడు.

చప్పుడు ఆగిపోయింది. అయిపోయిందనుకుంది సిద్దమ్మ...

హూఁ... పొడుగాటి ఊపిరి ఒకటి లోపలికి వెళ్ళింది. తర్వాత ఇంకొకటి.

స్రవంతి ఆక్సిజన్ తెచ్చింది, విరుగుడు సూది వేసింది. అది పనిచేసి జంగయ్య కళ్ళు తెరిచేదాకా సుధీర్ ఆ దవడ వదల్లేదు.

ఇదీ మా దెయ్యం! ఊపిరాడని మనిషి గురక. దానికి హోమం చేశారు మహానుభావులు.

తెల్లారాక సుధీర్ మంచం పక్కన కూర్చున్నాడు. "నొప్పి పదిలో ఎంత ఉంది జంగయ్యా?" అని మొదటిసారి నోరు తెరిచి అడిగాడు.

"నొప్పిదేముంది సారు..." జంగయ్య గొంతు బొంగురుపోయింది. "నోరు లేవలే, చెయ్యి లేవలే. చెవులు మాత్రం పనిజేసినయి. బయట గొళ్లెం వెట్టిందెవరు?"

స్రవంతి చేతిలోని ట్రే బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయింది. జంగయ్య గోడవైపు మొహం తిప్పుకున్నాడు.

ఇక తర్వాతది నేను చూసిందే. మధ్యాహ్నం సుధీర్ రికార్డు గదికి వచ్చాడు. ఈ ఆరు నెలల్లో పదకొండో గదిలో పోయినవాళ్ళ ఫైళ్ళు కావాలన్నాడు. రెండు దొరికాయి. గుండె ఆగి పోయారని రాసి ఉంది. ఇద్దరూ అతని పరిశోధనలో వాళ్ళే.

నొప్పి కాగితాలు తీశాడు. ముత్యాల్లాంటి రాత. నాలుగింటికి నొప్పి ఒకటి, ఊపిరి పదహారు. ఐదింటికి అంతే. ఆరింటికీ అంతే.

ఫైళ్ళ ప్రకారం ఆ ఇద్దరూ పోయింది రాత్రి మూడింటిలోపే. పోయిన మూడు గంటలకి కూడా నొప్పి పదిలో ఒకటేనని ఓపిగ్గా చెప్పారన్నమాట!

"ఎవరి రాత డాక్టరుగారూ ఇది?" అన్నాను, తెలిసే.

కాగితాలు మళ్ళీ ఫైళ్ళలో సర్దాడు.

"నాదే. చూడకుండా రాసింది," అన్నాడు. ఫైళ్ళు రెండూ చంకన పెట్టుకుని, పెద్ద డాక్టరు గదివైపు నడిచాడు.