వంతు తప్పిన మోటార్లు

చచ్చిపోయి వారం దాటినా ఏజెంట్ యేసన్న ఇంకా ఆన్‌లైన్‌లోనే ఉన్నాడు.

ఆ కంపెనీకి ఆఫీసంటూ లేదు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని పనిచేస్తారు. మారుపేరుతో చేరిన యేసన్నకి కంపెనీ కొరియర్‌లో లాప్‌టాప్ పంపింది. మూత తెరిచినవాడు మళ్ళీ మూయలేదు. చాట్‌లో ఆ మారుపేరు పక్కన పచ్చచుక్క మాత్రం వెలుగుతూనే ఉంది. ఎవరో ఆ పేరుతో కూర్చున్నారు. అదే కంపెనీలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ పేరుతో ఆ చాట్‌లో చేరిన కొత్త ఏజెంట్ కేశవ ఆ చుక్కనే గమనిస్తున్నాడు.

యేసన్న శవం దొరికిన చిలమత్తూరు పక్కనే, ముసలి రైతు తిరుపాలమ్మ చేని గదిలో మకాం పెట్టాడు కేశవ. పైన షర్టూ టై, కింద లుంగీ, లుంగీ మడతలో పిస్టల్. ఇంటర్వ్యూకి ముందు చీఫ్ ఫోన్ చేశాడు.

"రైల్వే సిగ్నళ్ళ సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీదే. ఇవాళ అప్‌డేట్ పేరుతో విషం ఎక్కిస్తారు. సాయంత్రం ప్యాసింజర్‌కీ, ఎదురొచ్చే గూడ్సుకీ ఒకే పట్టా మీద గ్రీన్ పడుతుంది. నిన్ను ఇంటర్వ్యూ చేసే ఇరీనా మన డబుల్ ఏజెంట్. ప్రేగ్‌లో ఉంది. ఎక్కడినుంచి ఎక్కిస్తారో ఆమే చెబుతుంది."

తెరమీద ఇరీనా నవ్వింది. వెనక కిటికీలో మంచు.

"మీ వైపు వానలెలా ఉన్నాయి?"

"మబ్బులే. చినుకు లేదు."

కోడ్ సరిపోయింది. "వజ్రకరూరు," అంది మెల్లగా. కేశవ మెసేజ్ కొట్టాడు. పోలీసు జీపులన్నీ ఎక్కడో దూరాన ఉన్న ఆ ఊరికి ఉరికాయి.

అంతలో మోటార్లు తిరిగే త్రీఫేజ్ కరెంటొచ్చింది. తిరుపాలమ్మ మోటారు వేసింది. గదిలో బల్బు గుడ్డిదైంది. అదే క్షణంలో ఇరీనా వెనక దీపమూ గుడ్డిదైంది!

కేశవ మైక్ మ్యూట్ చేశాడు. "అవ్వా, ఆపి మళ్ళా వెయ్యి!"

మళ్ళీ రెండు దీపాలూ కలిసే కుంగాయి. కేశవ కిటికీలోంచి చేనవతలకి చూశాడు. ప్రేగూ లేదు, మంచూ లేదు. ఇదే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఇల్లు చేనవతల కొత్త ఫాంహౌస్ ఒక్కటే; ఇరీనా అక్కడే ఉంది. వజ్రకరూరన్నది అబద్ధం, విషం ఎక్కించేదీ అక్కడినుంచే. దీపం కుంగిందంటే బ్యాటరీ దన్ను లేదు, కరెంటు పోతే నెట్ పోతుంది. జీపులు తిరిగొచ్చేసరికి రైలు మిగలదు.

బయటికి పరిగెత్తాడు. "అవ్వా, అందరి మోటార్లూ ఒకేసారి వేయించాల!"

"నీకేమన్నా పిచ్చా అప్పా? వంతు తప్పితే ఫీజు ఎగిరిపోతాది. చెనిక్కాయ పైరు ఎండిపోతాది."

"ఎగరాల్నే అవ్వా. లేకుంటే రైల్లో జనం చస్తారు."

తిరుపాలమ్మ తడిసీ తడవని చేనుకేసి ఒక్కసారి చూసింది. గట్టెక్కి గొంతెత్తింది. "ఓ గోవిందప్పా! నాగన్నా! కరెంటు ఇప్పుడే పోతాదంట! ఎవురిది వాళ్ళు వేసుకోండప్పో!"

ఆ మాటకి వంతులు గంగలో కలిశాయి. చుట్టూ మోటార్లన్నీ ఒక్కపెట్టున హోరెత్తాయి. స్తంభం మీద ట్రాన్స్‌ఫార్మర్‌లో ఫట్‌మని నిప్పురవ్వలు.

నిశ్శబ్దం.

కేశవ లాప్‌టాప్‌కి బ్యాటరీ, డేటా కార్డు ఉన్నాయి. గదిలోకి తిరిగొచ్చి చూస్తే తెరమీద ఇరీనా మాయమైంది. యేసన్న మారుపేరు పక్కన పచ్చచుక్కా ఆరిపోయింది; ఆ పేరుతో కూర్చున్నదీ ఆమే. ఇన్నాళ్ళకి అతను నిజంగా చనిపోయినట్టు అనిపించి కేశవ కళ్ళు చెమర్చాయి.

చేనడ్డంగా ఫాంహౌస్‌కి పరిగెత్తాడు. చీకటి గదిలోంచి మోడెమ్ చేతబట్టుకుని గుమ్మంలోకొచ్చిన ఇరీనాకి ఎదురుగా అతని పిస్టల్ కనిపించింది. ఆమె వెనక గోడకి మంచు కిటికీ బొమ్మ పోస్టర్ వేలాడుతోంది. అప్‌డేట్ ఎక్కలేదు, రైలు క్షేమమని అప్పుడే చీఫ్ మెసేజ్.

"ఇంటర్వ్యూలో పాసయ్యానా?" అన్నాడు కేశవ, బేడీలు వేస్తూ.

వెనకనుంచి తిరుపాలమ్మ వచ్చింది. "చూడప్పా, నేనేం అబద్ధం చెప్పినానా? పోతాదంటి, పోయింది. ఇంగ ట్రాన్స్‌ఫార్మర్ ఎవురు తెస్తారో ఆ చీఫ్‌ని అడుగు."