విభేదించిన జడ్జి మాట

యువ లాయరు కూర్చోకుండానే కాగితాలు డిటెక్టివ్ బల్లమీద పడేసింది. రేపు ఉదయం ఆమె జడ్జికి సంజాయిషీ చెప్పుకోవాలి. చెప్పలేకపోతే నల్లకోటు విప్పెయ్యాల్సిందే.

ఆమె తన వాదనలో ఉదహరించింది ముగ్గురు జడ్జిలు విన్న ఓ పాత కేసుని. ఇద్దరు ఒక మాట అన్నారు, మూడో ఆయన విభేదించాడు. ఇద్దరి మాటే తీర్పు. మూడో ఆయన వాక్యం వాడుకోవచ్చు గానీ, అది ఆయనదేనని చెప్పి తీరాలి. తాను చెప్పే రాశానంటుంది ఆమె. కోర్టుకు చేరిన కాగితంలో మాత్రం 'విభేదించిన జడ్జి' అన్న ముక్క లేదు. దాంతో ఆ వాక్యమే తీర్పన్నట్టయి, నిండు కోర్టులో ఆమెను మోసగత్తె అన్నారు.

ఆఖరి పేజీ మీద ముందే సంతకం పెట్టేయడం ఆమె పనిచేసే పెదనాన్న ఆఫీసులో అలవాటు. తరవాత లోపలి పేజీలు ఎవరైనా మార్చవచ్చు.

"మా బావే మార్చాడు," అందామె. "పెదనాన్న అల్లుడు. నేనంటే ఒళ్లుమంట."

ఆఫీసులో అడుగుపెట్టగానే డిటెక్టివ్ సహాయకుడికి ఊపిరాడలేదు. పెదనాన్న, బావ, ఆమె ముగ్గురూ ఒకే కంప్యూటరు వాడతారు, ఒకరి మొహం ఒకరు చూసుకోరు. బావ ఫోన్లోంచి తలెత్తకుండానే, ఆ దుమ్ము పుస్తకాలు తానెప్పుడూ ముట్టలేదని, తన ఫోన్లో తీర్పులకు పేజీలే ఉండవని ఎగతాళి చేశాడు. పెదనాన్న బైండు పుస్తకాల మధ్య కూర్చుని, చేరదీసి పని నేర్పినందుకు పరువు తీసిందని గొణిగాడు.

తీర్పును ఎలా ఉదహరిస్తారని డిటెక్టివ్ అడిగాడు. పార్టీల పేర్లు, సంవత్సరం, సంపుటం, కోర్టు, చివర పేరా నంబరు అందామె. పేజీ ముద్రణను బట్టి మారుతుంది, పేరా మారదు.

"మా రోజుల్లో పేరాలకు నంబర్లెక్కడివమ్మా?" అన్నాడు పెదనాన్న. "పేజీ చెబితే జడ్జి తిప్పి చూసుకునేవాడు."

డిటెక్టివ్ ఆమె పాత వాదనలన్నీ తిరగేశాడు. సాయంత్రం ముగ్గురినీ కూర్చోబెట్టాడు.

"ఈవిడ రాసిన ప్రతి ఉదాహరణ చివరా పేరా నంబరే ఉంది. ఈ ఒక్కదాని చివర పేజీ నంబరుంది. 'విభేదించిన జడ్జి' అన్న ముక్క తీసేటప్పుడు పక్కనున్న పేరా నంబరూ పోయింది. ఆ ఖాళీని మార్చిన చెయ్యి తన అలవాటు ప్రకారం నింపేసింది. మీ అల్లుడికి పేజీలే తెలియవు, పెద్దాయనా."

అల్లుడు నవ్వబోయి మానుకున్నాడు.

పెదనాన్న ముందున్న పుస్తకం మూసి ఒప్పుకున్నాడు. గెలిపిస్తానని క్లయింటుకు మాటిచ్చేశాడట. ఆ పాత సంపుటం ఎవరు తీసి చూస్తారులే అనుకున్నాడట. మోసం దొరికాక, పిల్ల వయసు చిన్నది, తట్టుకుంటుందిలే అనిపించిందట.

సహాయకుడు ఆమె మొహం చూశాడు. గెలిచిన మొహం కాదది. బావ మీద పెంచుకున్న ద్వేషం దారి తప్పి గుమ్మంలో నిలబడినట్టుంది.

జడ్జికి రాసిమ్మని డిటెక్టివ్ తెల్లకాగితం ముందుకు తోశాడు. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని మొదలుపెట్టాడు: 'సదరు వాక్యం పొరపాటున మార్చబడినది.'

ఆమె వంగి చదివింది.

"పొరపాటు కాదు," అంది. "ఎవరు మార్చారో కూడా రాయండి, పెదనాన్నా."

ఆయన ఆ వాక్యం కొట్టేసి, మొదట తన పేరు రాశాడు.