రక్తం కారని క్రియ

డిపార్ట్‌మెంట్ కొరియర్ గొంతు కోసినవాళ్ళు అతని జేబులన్నీ గాలించారు గానీ నాలుక కింద వెతకలేదు. అక్కడ దొరికిన మైక్రోఫిల్మ్‌ని చీఫ్ తెర మీద వేశాడు. విదేశీ ముఠా ఇక్కడి తన మనిషికి పంపగా కొరియర్ దారిలో కాజేసిన ఆర్డర్ అది: "శాంతి దూత. రేపటి విందు. నెకారే."

"దూత పోతే ఒప్పందం పోతుంది. మళ్ళీ యుద్ధమే," అన్నాడు చీఫ్.

"అది లాటిన్ క్రియ," అంది ప్రొఫెసర్. కోడ్ విభాగానికి అందమూ తెలివీ ఆవిడే. "చంపమని. మూలం చాలా పాతది. సంస్కృతంలో 'నశ్', మనం వాడే 'నాశనం', అన్నీ దాని చుట్టాలే."

"ఎలా చంపాలో కూడా చెప్తుందా?" అన్నాడు పిల్లి. అడుగుల చప్పుడు వినిపించని ఆ ఏజెంటుకి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. కొన్నాళ్ళుగా ఆవిడ ఫ్లాట్ తాళంచెవి అతని జేబులోనే ఉంటోంది.

"కత్తో, తుపాకీయో. ఆయుధంతో చంపడమే నెకారే."

చీఫ్ విందు హాలు చుట్టూ మేడల మీద షూటర్లను కాపలా పెట్టించాడు. పిల్లికి మనసొప్పలేదు. లైబ్రరీకెళ్ళి లావుపాటి నిఘంటువు తిరగేశాడు. నరికి చంపడానికి లాటిన్‌లో వేరే క్రియ ఉంది. నెకారే అంటే ఎక్కువగా ఆయుధం లేకుండా చంపడం. విషం పెట్టో, ఊపిరాడకుండా చేసో. మూలం గురించి నిజం చెప్పిన మనిషి అర్థం గురించి అబద్ధమెందుకాడింది?

విందులో పిల్లి తెల్లమీసం అంటించుకుని బట్లర్ వేషం కట్టాడు. దూత పక్కన ప్రొఫెసర్ నవ్వుతూ కూర్చుంది. ఆమె ఉంగరం రాయి ఆయన గ్లాసు మీద తెరుచుకుని మూసుకుంది. దూత గ్లాసెత్తాడు. అంచు పెదవికి తగిలేలోపు పిల్లి లాగేసుకున్నాడు.

"ఈగ పడింది సార్."

ఆమెని వంటగది వెనక గదికి రప్పించి, అదే గ్లాసు చేతికిచ్చి, కణతకి పిస్టల్ ఆనించాడు.

"తాగు."

"నేను... నీ మనిషిని!"

"తెలుసు. తాగు."

తాగింది. వెంటనే గొంతు పట్టుకుంది. "విరుగుడు నా బ్యాగ్‌లో ఉంది. ఇవ్వు!"

"ముఠా నాయకుడెవరు?"

"రేవు డాక్టరు... గోడౌన్ మీద గదిలో ఉన్నాడు..."

పిల్లి వైర్‌లెస్‌లో ఆ మాట అందించి, జవాబు కోసం తీరిగ్గా ఆగాడు. "దొరికాడు," అన్నారు అవతల. ఆమె చెయ్యి చాపింది. అతను ఆమె బ్యాగ్‌లోంచి విరుగుడు సీసా తీసి, మూత విప్పి సింకులో వొంపేశాడు.

"మాటిచ్చావు కదరా..."

"ఇవ్వలేదు. అడిగానంతే."

చూపు నిలిచిపోయేదాకా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. చేతులు వణకలేదు. వణికితే బాగుండుననిపించింది.

హాల్లో ఒప్పందం మీద సంతకాలయ్యాక చీఫ్ నిట్టూర్చాడు. "కోడ్ విభాగానికి ఇంకో పండితుణ్ణి వెతకాలి."

"అబద్ధమాడ్డం రానివాణ్ణి చూడండి సార్."

"అలాంటివాడు మన డిపార్ట్‌మెంట్‌లో ఎందుకు చేరతాడోయ్?"