మూలమేడ దూలం

నూరేళ్ల కిందట, ఉత్తరాన చలిదేశపు రేవు ఊరు ఓలెసుండ్ తగలబడిపోయాక మళ్లీ రాతితో కట్టుకున్నారు. అప్పుడు లేచిన మేడల్లో రేవు మలుపులోని మూలమేడను ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు. రెండు వీధులు కలిసేచోట దాని గోడ గుండ్రంగా తిరుగుతుంది. పైన కోసుగా బురుజు, చుట్టూ రాతిలో చెక్కిన తీగలూ చేపలూ. కట్టించిన చేపల వ్యాపారి కొన్‌రాద్ వట్టి మొండిఘటం. తుఫాను గాలిలోనూ పని ఆపనివ్వలేదు. బురుజు దూలం ఎక్కిస్తూ ఎలియాస్ అనే వడ్రంగి జారిపడి చనిపోయాడు.

అక్కడ దూలం ఎక్కిన రోజున పైన ఆకుల దండ కట్టి, పనివాళ్లకు మీగడ జావ వడ్డించడం ఆచారం. యజమాని ఎగ్గొడితే, దండకు బదులు గడ్డిబొమ్మ వేలాడుతుంది. కొన్‌రాద్ ఎగ్గొట్టాడు. పనివాళ్లు బొమ్మకు ఎలియాస్ కోటు తొడిగి మరీ వేలాడదీశారు. కొన్‌రాద్ మండిపడి, తానే ఎక్కి తాడు కోసేశాడు. వారం తిరక్కుండా అతని కూతురు ఆ బురుజు మీంచే పడిపోయింది. ఇంట్లోవాళ్లు దాన్ని ప్రమాదమనే చెప్పుకున్నారు.

ఈ నవంబరులో కొన్‌రాద్ మునిమనవరాలు తూరా, పుచ్చిన బురుజు కప్పు తీయించి కొత్త దూలం వేయించింది. ఆ బురుజు గది తనదేనని ఆమె కూతురు సున్నివా పైన సంబరంగా కొలతలు తీసుకుంటోంది. మధ్యాహ్నం మూడు దాటింది. అప్పుడే మసకచీకటి పడింది, సన్నగా వాన.

"దండేది? జావేది?" కింద వీధిలో తూరాను అడిగాడు పెద్ద వడ్రంగి స్టైనార్.

"ఈ వానలో జావేంటి మేస్త్రీ గారూ? క్రిస్మస్ వెళ్లాక చూద్దాం. అంతదాకా మీవాళ్ల ఆకలి ఆగదా ఏంటి?"

"మావాళ్లది ఆగుతుంది తల్లీ. ఎలియాస్‌ది ఆగొద్దూ?"

తూరా నవ్వేసి తలెత్తింది. బురుజు బయటికి పొడుచుకొచ్చిన దూలం చివర గడ్డిబొమ్మ వేలాడుతోంది, ఒంటిమీద పాత కోటుతో.

"ఓహో, అప్పుడే కట్టేశారా! నాతోనే వెటకారమా?"

స్టైనార్ మొహంలో నెత్తురుచుక్క లేదు. "మేం కట్టలేదు. మావాళ్లంతా ఇక్కడే ఉన్నారు, చూడు. దాన్ని ముట్టుకోకు. ముందు పిల్లను కిందికి పిలువు."

తూరాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. అతని మొలలోని కత్తి లాక్కుని మెట్లెక్కింది.

మొదటి అంతస్తులో కొత్త చెక్క వాసన వచ్చింది. పైకి వెళ్లేకొద్దీ ఎండుగడ్డి వాసన... తారు వాసన... బురుజు గదిలోకి వెళ్లేసరికి వాన చప్పుడు కూడా ఆగిపోయింది. తాడు మాత్రం కిర్రు... కిర్రు...

"సున్నివా?"

పలకలేదు. తూరా కిటికీలోంచి వంగి తాడు కోసింది. బొమ్మ చీకట్లోకి జారింది. చప్పుడు కోసం చెవులు రిక్కించింది. ఏమీ వినిపించలేదు.

"తూరా! కింద ఏమీ పడలేదు!" స్టైనార్ కేక.

ఆమె చటుక్కున వెనక్కి తిరిగింది. గది మూల నీడలో సున్నివా నిలబడి ఉంది, గోడవైపు తిరిగి.

"పద... కిందికి పోదాం," అని గుసగుసగా అంటూ ఆ చెయ్యి పట్టుకుంది. సున్నివా మాట్లాడకుండా వెంట నడిచింది. గది వదలమన్నానని అలిగింది కాబోలు అనుకుంది తూరా. మెట్లన్నీ గబగబా దిగింది. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు.

వీధిలో దీపాలు వెలిగాయి. పనివాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. స్టైనార్ తూరా పక్కకు చూశాడు. తర్వాత పైకి చూశాడు.

"అమ్మా!"

ఆ గొంతు పైనుంచి వచ్చింది. చాలా పైనుంచి. దూలం చివర పట్టుకుని సున్నివా వేలాడుతోంది, కాళ్లు గాలిలో కొట్టుకుంటున్నాయి.

"అమ్మా... చేతులు జారిపోతున్నాయి... తొందరగా రా!"

తూరా మెట్లవైపు ఉరకబోయింది. చెయ్యి విడిపించుకోబోయింది. ఆమె గుప్పిట్లో ఎండుగడ్డి గరగరలాడింది. మణికట్టు చుట్టూ మెల్లగా బిగుసుకుంది.