పిందాయి

మా కుక్క పేరు పిందాయి. మా షోనా భాషలో ‘లోపలికి రండి’ అని అర్థం. పక్కింటి మకైటా ప్రహరీ గోడ గురించి గొడవపడి మా గడప తొక్కడం మానేసింది. ఆవిడకు వినపడాలని మా ఆయన కుక్కకు ఆ పేరు పెట్టి, రోజూ గొంతు చించుకుని పిలిచేవాడు. మా గ్వేరు ఊళ్లో సగం కుక్కల పేర్లు ఇలాంటి ఎత్తిపొడుపులే.

మా గుడ్డి పిల్లికి ఆ కుక్కే కళ్లు. దాని పొట్టకు ఆనుకుంటే తప్ప ముద్ద ముట్టేది కాదు. పోయిన వారం కుక్క వ్యాను కింద పడి చచ్చిపోయింది. పిల్లి తిండి మానేసింది. అది తినేదాకా తననూ తినమనొద్దని మా ఆరేళ్ల నెత్సాయి మంచం పట్టింది. బతిమాలాను. కొట్టాను కూడా. పిల్ల ఒళ్లు కాలిపోతోంది, నాకు దిక్కు తోచలేదు.

ఆ సాయంత్రం చినుకులు మొదలయ్యాయి. కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించాను. పిల్లినైనా మోసం చేద్దామని తలుపు బార్లా తెరిచి అరిచాను.

"పిందాయి! పిందాయి!"

గోడ అవతల మకైటా నవ్వింది. "నన్నేనా? ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందా?"

"నిన్ను కాదులే. కుక్కని."

"చచ్చినదాన్నా?" నవ్వు ఆగిపోయింది. "ఒసేయ్ పిచ్చిదానా, తలుపెయ్యి! ఆ మాట చీకట్లోకి అరుస్తావా? ఎవరు వింటారో ఏమో..."

వెయ్యబోయాను. వెనక గిన్నె చప్పుడైంది. పిల్లి తింటోంది! ఎండుచేపలు కరకర నములుతోంది. మంచం మీంచి నెత్సాయి చెయ్యి చాపింది. తలుపు వదిలేసి పరుగెత్తాను. ఏడుస్తూనే మొక్కజొన్న పిండితో వండిన సద్జా ముద్ద చేసి నోట్లో పెట్టాను. మింగింది. దేవుడా, నా బిడ్డ మింగింది!

అప్పుడు పిల్లిని చూశాను...

వెనక్కాళ్ల మీద నిలబడి ఉంది. ముందుకాళ్లు పైకి చాచి గాలికి ఆనించింది. మనిషి మోకాలికి రుద్దినట్టు తల రుద్దుతోంది. కుక్క అంత ఎత్తు ఉండదు. కుక్క వాసన కూడా లేదు. అప్పుడే తవ్విన మట్టి వాసన...

పొమ్మనాలి. కానీ అది పోతే పిల్లి తినడం ఆపేస్తుంది. పిల్లి ఆపితే...

"అమ్మా," నెత్సాయి గుసగుసగా అంది, గోడ వైపు జరిగి మంచం మీద చోటు చేస్తూ. "ఇంకొంచెం వండవా? వీళ్లకి చాలదు. ఇంకా వస్తున్నారు."

ఎంతమందని అడగలేదు. పొయ్యి వెలిగించి, నీళ్లు పెట్టాను.