ఖైసర్ బేగం దాచిన మాటలు

మా బడిలో పిల్లలకు ఒక మాట చెప్తుండేవాణ్ణి: ఒకరి నోటుబుక్కు తెచ్చుకుంటే అందులో గీత కూడా చెరపకుండా తిరిగివ్వాలి. పోయిన ఎండాకాలం నుంచి ఆ మాట చెప్పడం మానేశాను. ఎందుకో వినండి.

పట్నంలో, మొఘల్‌పురాలో ఖైసర్ బేగం అనే టీచరమ్మ ఉండేది. పిల్లలు తెలుగులోనే ప్రోగ్రాములు రాసుకునేందుకు ఒక చిన్న కంప్యూటర్ భాష తయారుచేసింది. దాని పాఠాలన్నీ ఇరవై ఏళ్ల కిందటి హెచ్‌టీఎంఎల్‌లో, అంటే వెబ్ పేజీలు రాసే కోడ్‌లో, రాసిపెట్టింది. అప్పటికి ఆమె పోయి ఏడాది. ఆ పేజీలు ఇప్పటి ఫోన్లలో సరిగ్గా తెరుచుకోవడం లేదు. వాటిని హెచ్‌టీఎంఎల్ 5లోకి మార్చే పని సెలవుల్లో నేను ఒప్పుకొని, వాళ్లింటికే వెళ్లి కూర్చున్నాను.

ఆమె కూతురు ఫరీహా చాయ్ ఇచ్చి నవ్వింది. "ఊర్ల సార్లకు గివన్నీ ఎట్లొస్తయ్ వైకుంఠం సార్?"

"మా ఏడో తరగతోళ్లు నేర్పిర్రు బిడ్డా."

పెన్‌డ్రైవ్ చేతిలో పెడుతూ ఆమె గొంతు తగ్గించింది. "గిదొక్కటే ఉంది. పాఠాల నడుమ అమ్మీ నాకోసం కామెంట్లు రాసింది. పేజీ మీద కనపడయ్, కోడ్‌లనే ఉంటయ్. ఇంకా చదవలే సార్... దిల్ ఒప్పలే. మీ పనైనంక కూసోని చదువుకుంటా. అవి మాత్రం పైలం."

సరేనన్నాను.

ఖైసర్ బేగానికి ఒక అలవాటు. కామెంట్లలో మాట మాటకూ నడుమ రెండేసి అడ్డగీతలు కొట్టేది. తప్పులు పట్టే ప్రోగ్రాము ఆ గీతలు చెల్లవని వాటన్నిటినీ ఎర్ర అక్షరాల్లో చూపించింది. మూడు గంటలు ఓపిక పట్టాను. ఆ తర్వాత విసుగొచ్చి, 'కామెంట్లు తీసేయి' అన్నచోట టిక్కు పెట్టి నొక్కాను. ముందే ఇంకో కాపీ తీసిపెట్టాననుకున్నాను. తీయలేదు.

ఫరీహా తొంగిచూసింది. "అమ్మీ మాటలు ఉన్నయా సార్?"

"ఇందులో ఏమీ లేవమ్మా." అట్లా అన్నది నేనే.

"లేవా? నా ముంగటనే రాస్తుండె గద..."

"లేవు."

ఆమె లోపలికి వెళ్లిపోయింది.

నాలుగింటికే మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. వానకు తడిసిన గోడల సున్నం వాసన. దాని వెనకే తలనొప్పి మందు వాసన... ఎవరో నుదుటికి రాసుకుని నా భుజం మీదికి వంగినట్టు. నా ల్యాప్‌టాప్ వెలుగులో మొదటి పాఠం తెరిచాను. కోడ్ మధ్యలో ఒక కామెంటు.

"సార్ -- అబద్ధం ఎందుకు చెప్పినవ్ --"

తుడిచాను. మళ్లీ తెరిచాను.

"బిడ్డ లోపల ఏడుస్తుంది --"

తుడిచాను. రెండో పాఠం... గీతలు. మూడో పాఠం... గీతలే. నేను చూస్తుండగానే పొడుగవుతున్నాయి... చెవి పక్కన ఊపిరి.

"చెప్పు..."

"ఫరీహా!" కేక వేశాను. ఆమె పరుగెత్తుకొచ్చింది. "నేనే తుడిచేసిన బిడ్డా. లేవని అబద్ధం చెప్పిన. మాఫ్ చెయ్."

ఆమె తెర వైపు చూసింది. "ఏం తుడిచిన్రు సార్? అన్నీ ఉన్నయ్ గద."

కూర్చుని చదవసాగింది. నవ్వింది. కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం తెర తెల్లగా, ఖాళీగా కనిపించింది.

ఆఖరి పాఠం దగ్గర ఆమె నవ్వు ఆగిపోయింది. ల్యాప్‌టాప్ మూసి నా చేతిలో పెట్టింది.

"ఏం రాసింది బిడ్డా?"

"ఏం లే. మీరు పోండ్రి సార్." నా ముఖం చూడలేదు.

చెప్పులు తొడుక్కుని గడప దాటాను. ఫరీహా తలుపు వెయ్యలేదు. పక్కకు జరిగి, నా వెనక ఇంకొకరు దిగేదాకా ఆగింది.

"పైలం అమ్మీ," అని గుసగుసగా అని, అప్పుడు గడియ పెట్టింది.