ఖాళీ జాబితా మీద ముద్ర

ఉదయం ఎనిమిదింటికి, ట్రామ్ స్టాపులో పేపరు చదువుకుంటున్న పావురం అన్న మారుపేరున్న ఏజెంటుని ఎవరో వెనక నుంచి కాల్చారు. సైలెన్సర్. పక్కన నిలబడ్డావిడ అతను కునికిపాట్లు పడుతున్నాడనుకుంది. చేతి వాచీ మాత్రం చక్కగా నడుస్తూనే ఉంది. మోగాల్సిన వాచీ మోగలేదు.

పదిన్నరకి చీఫ్ కంప్యూటర్ మనిషిని పిలిపించాడు. ఆఫీసులో అతని మారుపేరు జల్లెడ.

"మన గుట్టు బయటపడ్డ ఏజెంట్ల పేర్లు రోజూ మధ్యాహ్నం పన్నెండుకి వాళ్ల వాచీల్లోకి పోతాయి. వాచీ రెండుసార్లు మోగితే ఎక్కడివాడక్కడ పారిపోవాలి. ఆ జాబితా మూడు రోజులుగా ఖాళీ."

"ఖాళీయా? మరెవరూ అడగలేదా సార్?"

చీఫ్ ఒక కాగితం జరిపాడు. తెల్ల కాగితం. అడుగున ఊదారంగు రబ్బరు ముద్ర: అందరూ క్షేమం. ఖాళీ జాబితా వస్తే గుమాస్తా ఆ ముద్ర కొట్టి ఫైల్లో పెట్టడం ఆ ఆఫీసులో పన్నెండేళ్ల ఆనవాయితీ.

"ఫైల్లోంచి పేర్లు ఏరి ఆ జాబితా తీసే స్టైల్‌షీట్ రాసింది నువ్వే," అన్నాడు చీఫ్. "మన బిల్డింగులోనే సాలెగూడు ముఠా మనిషి ఉన్నాడు. వాడికి తెలిస్తే ఫైలే మాయం చేస్తాడు. మారువేషంలో వెళ్లు. ఈ స్క్రూడ్రైవర్ పిడిలో మైకుంది, నేను వింటుంటా. ఇంకోమాట... పన్నెండుంబావుకి మీ బావ పూలకొట్లో ఒకణ్ణి కలవబోతున్నాడు."

జల్లెడ స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. ఆ బావ అతని అక్క మొగుడు. అతని చేతికీ అదే వాచీ. అంతకు మించి కబురందే దారి లేదు.

పదకొండుంబావుకి నీలం చొక్కా, నూనె మరకలు, అతుకు మీసాలతో ఏసీ మెకానిక్ ఒకడు సొంత ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఫిల్టర్ మార్చాలి."

"పోయిన వారమే మార్చాంగా?" అన్నాడు గార్డు.

"దుమ్ము వారాలు లెక్కపెట్టదు."

కోడ్ సరిపోయింది. తలుపు తెరుచుకుంది.

సర్వర్ గదిలో జల్లెడ ముందు ఏజెంట్ల వివరాలుండే ఎక్స్ఎమ్మెల్ ఫైలు తెరిచాడు. నలభై ఒక్క రికార్డులు. అందులో ఆరుగురికి 'బయటపడ్డారు' అన్న గుర్తుంది. మొదటిది పావురం. రెండు రోజుల క్రితమే ఎక్కించారు. ఆరోది బావ.

పేర్లు ఫైల్లో ఉన్నాయి. కాగితం మీదికి రావట్లేదు.

స్టైల్‌షీట్ తెరిచాడు. తను రాసిన వరసే. ఒక్క అక్షరం చెక్కుచెదరలేదు. 'ఏజెంట్' అన్న ఎలిమెంట్లు, అంటే ఆ పేరున్న గడులు, ఎన్నని అడిగాడు. సున్నా. పేరేదైనా సరే, మొత్తం ఎన్నని అడిగాడు. వందల్లో వచ్చాయి. అంటే ఇంటినిండా మనుషులున్నారు, పిలిస్తే ఒక్కడూ పలకట్లేదు.

ఫైలు మొదటి వరస మళ్లీ చూశాడు. అక్కడుంది. కొత్తగా ఒక నేమ్‌స్పేస్. రాత్రికి రాత్రి అందరికీ ఒక ఇంటిపేరు తగిలించినట్టు. స్టైల్‌షీటేమో పాత అలవాటుగా ఉత్త పేరుతోనే పిలుస్తోంది. ఇంటిపేరు లేని 'ఏజెంట్' ఎవరూ ఇప్పుడా ఇంట్లో లేరు. దొరకలేదని గొడవ చెయ్యడం దానికి తెలియదు. మర్యాదగా తెల్లకాగితం ఇచ్చి ఊరుకుంటుంది.

కొత్త ఫార్మాట్ తెచ్చిందెవరు? రెండు ఆఫీసుల మధ్య సమన్వయం కోసం మిత్రదేశం నుంచి వచ్చిన లైజన్ ఆఫీసర్. పట్టుచీర, ముత్యాలు, నవ్వు. ఆఫీసంతా నెమలి అని పిలుచుకునే మనిషి.

ఆ ఇంటిపేరుని స్టైల్‌షీట్లో చేర్చి, దానికో ప్రిఫిక్స్, అంటే పొట్టిగుర్తు, పెట్టి, వెతికే దారిలో ప్రతి పేరు ముందూ తగిలించాడు. పరీక్షించాడు.

సున్నా.

పదకొండూ యాభై ఆరు. పొద్దున దేవుడి గదిలో దీపం పెడుతూ అక్కా బావల్ని చల్లగా చూడమని అడిగాడు. దేవుడేమీ అనలేదు. ఎప్పుడూ ఏమీ అనడు. ఇన్నేళ్లూ ఆ మౌనాన్ని సరేనన్నట్టే అనుకున్నాడు. తనూ ముద్ర కొట్టుకుంటూనే వచ్చాడా?

అప్పుడు కనబడింది. కంగారులో ఏజెంట్ ఎలిమెంటు లోపలుండే 'స్థితి' అన్న అట్రిబ్యూట్‌కి కూడా ప్రిఫిక్స్ తగిలించాడు. ఎలిమెంట్లకు అంటిన ఇంటిపేరు అట్రిబ్యూట్లకు అంటదు. కొత్తగా చేరిన కుర్రాళ్లకు తను చెప్పే మొదటి పాఠం అదే. ఆ రెండక్షరాలూ చెరిపి సేవ్ చేశాడు.

గదిలోకి సెంటు వాసన ముందొచ్చింది. తర్వాత పిస్టల్.

"మీసం ఊడుతోంది జల్లెడగారూ. చేతులు పైకి."

నెమలి స్క్రీన్ వైపు చూసింది. పాత పరీక్ష ఫలితం ఇంకా అలాగే ఉంది. సున్నా.

"అయ్యో, దొరకలేదా?" నవ్వింది.

"లేదమ్మా," అన్నాడు. దిద్దింది పనిచేస్తుందో లేదో అతనికీ తెలియదు. పన్నెండు కొడితే జాబితా దానంతటదే నడుస్తుంది. రెండు నిమిషాలు. "పావురాన్ని ఎందుకు చంపించావు?"

"నేనా? నేనొక్క అబద్ధం కూడా ఆడలేదే! అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఒక్క వరస చేర్చాను. మీ చీఫే సంతకం పెట్టాడు. ముద్ర మీ గుమాస్తా కొట్టాడు. ఖాళీ కాగితం చూసి సంబరపడేవాళ్లని చంపడానికి వేరే శత్రువెందుకండీ?"

జల్లెడ గోడ గడియారం వైపు చూశాడు. పన్నెండుకి ఇరవై సెకన్లున్నాయి. తర్వాత పది.

ప్రింటర్ కర్రుమంది.

ఆమె తల తిప్పింది. కాగితం మెల్లగా బయటికొచ్చింది. ఆరు పేర్లు. ఆ క్షణంలోనే తలుపు విరిగింది. ఆమె పేల్చిన గుండు ఏసీకి తగిలింది. చీఫ్ మనుషులు ఆమె చెయ్యి విరిచి పట్టుకున్నారు.

పూలకొట్టు గుమ్మంలో కాలు పెట్టబోతున్న మనిషి వాచీ రెండుసార్లు మోగింది. లిల్లీలు ఎంతని కూడా అడక్కుండా ఆయన వెనక్కి తిరిగాడు.

నాలుగో రోజు బావ అక్క వంటింట్లో కూర్చుని ఉన్నాడు. టీ చల్లారిపోతోంది.

"ఏరా బావమరిదీ, పావురం పేరు కూడా ఫైల్లో ఉందటగా?"

"రెండు రోజుల నుంచీ ఉంది బావా."

"మరి నువ్వు రాసిన ఆ స్టైల్‌షీటుకి, ఏమీ దొరక్కపోతే అరవాలని తెలీదా?"

"నేను నేర్పలేదు."

బావ కప్పు దూరంగా జరిపాడు. ప్రాణం కాపాడినందుకు థాంక్స్ చెప్పలేదు. జల్లెడా ఎదురుచూడలేదు.

రిపోర్టులో చీఫ్ 'సాంకేతిక లోపం' అని రాశాడు. ప్రమాణాల ప్రకారమే ఉంది కనుక నెమలి చేర్చిన వరసని అలాగే ఉంచారు. వారం తిరక్కుండా ఆమెని కూడా సాలెగూడు చెరలో ఉన్న ఎవరితోనో మార్పిడి చేసుకున్నారు.

జల్లెడ స్టైల్‌షీట్లో ఒక షరతు చేర్చాడు. ఒక్క పేరూ దొరక్కపోతే కాగితం నిండా పెద్ద అక్షరాలతో ఇలా పడుతుంది: 'ఎవరూ దొరకలేదు. క్షేమం అనుకోవద్దు. ఫైలు విప్పి చూడండి.'

ఆ కాగితం మొదటిసారి వచ్చిన రోజు అతను స్వయంగా గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్లాడు. గుమాస్తా దాన్ని శ్రద్ధగా, రెండుసార్లు చదివాడు. ముద్ర కొట్టడానికి ఖాళీ చోటు కోసం కాసేపు వెతికి, చివరికి ఒక మూల సర్దాడు: అందరూ క్షేమం.